తప్పు అంకెది, దండన బ్యాటరీకా?



చాలా రోజుల తరువాత మళ్లీ టపా వ్రాస్తున్నాను. ఛందస్సును గూర్చో, సంధులను గూర్చో వ్రాస్తానని ఎదురుచూసినవారు క్షమించాలి. ఈసారి నా విషయం ఒక ఆటయంత్రం, దానిలోని బ్యాటరీ. అరవై ఆరేళ్ల తెలుగు పండితుడికి ఆటయంత్రంతో పనేమిటని నవ్వుకోవచ్చు. నవ్వండి, కాని చివరిదాకా చదవండి. ఒక అంకెను చూసి వస్తువుకు మరణశిక్ష వేసే అలవాటు మనలో ఎంత లోతుగా వేళ్లూనుకొన్నదో నాకు ఈ యంత్రం దగ్గర తెలిసివచ్చింది. ఆ అలవాటు మీది కోపమే ఈ టపా.

ఆమధ్య కొన్ని నెలలు కాలిఫోర్నియాలో మా అబ్బాయి ఇంట ఉన్నాను. మా మనవడికి పదిహేనేళ్లు. వాడి దగ్గర నింటెండో స్విచ్ అనే యంత్రం ఉంది. చేతిలో పట్టుకొని ఆడుకొనేది. 2017 మార్చిలో మొదట విడుదలైన రకం. ఎవరో వాడి అమ్మేస్తే తక్కువ ధరకు కొన్నాడు. కొన్నాక దానిని మార్చాడు. మార్చడమంటే, తయారీదారు పెట్టిన వ్యవస్థ మాత్రమే కాక బయటి ప్రోగ్రాములు కూడా నడిచేటట్లు చేయడం. దొంగ ఆటల కోసమా అని మొదట నేనూ గద్దించాను. "కాదు తాతయ్యా, చెల్లి కోసం నేనే ఒక ఆట రాశాను. అది ఇందులో నడవాలంటే నాకు వేరే దారి లేదు" అని చూపించాడు. తెర మీద అ ఆ ఇ ఈలు వేలితో దిద్దే ఆట. అందులో బండి ఱ లేదేమిరా అని నేను తగవు పెట్టుకొన్నాను గాని, లోలోపల పొంగిపోయాను. తెలుగు పలకడమే గాని వ్రాయడం రాని పిల్లవాడు చెల్లెలి కోసం గుణింతాలు నేర్చుకొన్నాడు.

కొన్నాళ్లకు ఆ యంత్రానికి జబ్బు చేసింది. నిండా ఛార్జింగు పెడితే రెండు గంటలదాకా 100 శాతం దగ్గరే కదలకుండా నిలిచేది, తరువాత ఒక్కసారిగా 15కు పడేది. ఇంకొక రోజు 1 శాతం అని చూపుతూ గంటన్నర నడిచింది. ఊళ్లోని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకుపోయాము. ఆ మనిషి యంత్రాన్ని ఆన్ చేశాడు, తెర మీది అంకె చూశాడు, "బ్యాటరీ చచ్చిపోయింది, తొంభై డాలర్లు, పైగా ఇది మార్చిన యంత్రం కాబట్టి నా పూచీ లేదు" అన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మా అబ్బాయి కారులో కొడుకుతో, "నీ ప్రయోగాలకు తగిన శాస్తి. అవతల పారెయ్" అన్నాడు. వాడు ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. ఒక్క ప్రశ్న వదలలేదు. ఒక్క శాతమే మిగిలిందన్న బ్యాటరీ గంటన్నర యంత్రాన్ని ఎట్లా నడిపింది? చచ్చినవాడు గంటన్నర నడిచాడంటే, తప్పు నడిచినవాడిదా, చచ్చాడని వ్రాసినవాడిదా?

మరునాటి నుంచి తాతామనవలం కూర్చొని చదివాము. తెలిసిన మొదటి సంగతి ఇది. బ్యాటరీలో ఎంత విద్యుత్తు మిగిలిందో నేరుగా చూసే ఉపాయం ఆ యంత్రంలో లేదు. మన జేబుల్లోని ఫోన్లలోనూ లేదు. అందుకని లెక్క కట్టడానికి ఒక చిన్న చిప్పును పెడతారు. స్విచ్‌లో దాని పేరు మాక్స్ 17050. ఆసామి గాదెకు లెక్క వ్రాసే గుమాస్తా వంటిదది. దానికి రెండు ఆధారాలు. ఒకటి చిట్టా. ఎంత విద్యుత్తు లోపలికి వచ్చింది, ఎంత బయటికి పోయింది అని క్షణక్షణం కూడుతూ తీసివేస్తూ ఉంటుంది. రెండవది వోల్టేజి. అది గాదెలో కర్ర దించి ధాన్యం మట్టం చూడడం వంటిది.

ఈ రెండూ లోపం లేనివి కావు. చిట్టాలో చిన్న చిన్న తప్పులు రోజురోజుకూ పేరుకొంటాయి. కర్ర కొలత కూడా తిన్ననిది కాదు. ఇటువంటి లిథియం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సుమారు 4.2 వోల్టులు చూపుతుంది. నడుమ చాలాసేపు 3.7, 3.8 చుట్టుపక్కలే తిరుగుతుంది. చివరలో గబుక్కున దిగజారుతుంది. ఆట నడుస్తుండగా వోల్టేజి కొంత వంగుతుంది, ఆట ఆపితే మళ్లీ లేస్తుంది. కాబట్టి గుమాస్తా చిట్టానూ కర్రనూ కలిపి ఒక అంచనాకు వస్తుంది. ఆ అంచనానే మనకు తెర మీద శాతంగా కనిపించేది. అది కొలత కాదు, అంచనా. ఈ ఒక్క మాట ఒప్పుకొంటే సగం తగవు తీరిపోతుంది.

ఇక మార్చిన యంత్రంలో ఈ అంచనా ఎందుకు చెడుతుందో చూడండి. ఆ చిప్పు తాను నేర్చుకొన్న లెక్కలను తన విద్యుత్తు తెగనంతవరకే గుర్తుంచుకొంటుంది. బ్యాటరీ గుణమేమిటో, ఎంత పడుతుందో దానికి చెప్పవలసింది యంత్రాన్ని నడిపే వ్యవస్థ. ఒక వ్యవస్థ ఒక తీరుగా చెప్పి, దాని స్థానంలో మరొకటి వచ్చి వేరొక తీరుగా వ్రాస్తే, గుమాస్తా చిట్టా ఒకటి, గాదెలోని ధాన్యం ఒకటి అవుతాయి. యంత్రాలు మార్చుకొనే పిల్లలు దీనికి డీసింక్ అని పేరు పెట్టారు. చిట్టాకూ గాదెకూ పొత్తు కుదరకపోవడమన్నమాట.

రెండవ చిక్కు ఇంతకంటె మోసకారిది. స్విచ్‌కు ఆర్‌సీఎం అనే అత్యవసర స్థితి ఒకటి ఉంది. 2018 ఏప్రిల్‌లో బయటపడిన ఒక లోపం వలన, ఆ స్థితిలో బయటి ప్రోగ్రాములు ఎక్కించవచ్చునని లోకానికి తెలిసింది. లోపం చిప్పులోనే అచ్చుపడి ఉన్నందున, అప్పటికే అమ్ముడైన యంత్రాలలో దానిని అప్‌డేటులతో పూడ్చడానికి వీలులేకపోయింది. ఆ స్థితిలో తెర నల్లగా ఉంటుంది. యంత్రం ఆగిపోయిందని మనం అనుకొంటాము. కాని అది మేలుకొనే ఉండి బ్యాటరీని తింటూ ఉంటుంది. ఆటో ఆర్‌సీఎం అనే ఏర్పాటు పెట్టుకొన్నవారికి ఇంకా ఇబ్బంది. ఆపి ఉన్న యంత్రానికి ఛార్జరు తగిలించినా అది నేరుగా ఆ స్థితిలోకే పోతుంది, అక్కడ బ్యాటరీ నిండడం నత్తనడకగా సాగుతుంది. రాత్రంతా ఛార్జరు పెట్టాను, ఉదయానికి నిండలేదు, బ్యాటరీ చచ్చిందని కుర్రవాడు ఏడుస్తాడు. చచ్చింది బ్యాటరీ కాదు. అది రాత్రంతా పని చేసింది, దానికి కూడు అందలేదు, అంతే.

మా వాడి యంత్రంలో ఈ రెండు చిక్కులూ ఉన్నాయి. తెలుసుకొన్న తీరు చెబుతాను. మార్చిన స్విచ్‌లలో హెకాటే అనే బూట్‌లోడరు వాడతారు. గ్రీకుల దేవత పేరట. దానిలో బ్యాటరీకి ఒక పుట ఉంది. ఆ పుటలో శాతమొక్కటే కాదు, వోల్టేజి, విద్యుత్ప్రవాహం, ఉష్ణోగ్రత, గుమాస్తా లెక్కలో బ్యాటరీ పూర్తి సామర్థ్యం, అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. యంత్రం 1 శాతం చూపుతున్న సమయంలో దానిని నిజంగా ఆపి, కొంతసేపు విశ్రాంతినిచ్చి ఆ పుట తెరిచాము. వోల్టేజి 3.81. అనగా గాదె సుమారుగా సగం నిండి ఉంది. చిట్టాలో సున్నకు ఒక మెట్టు పైన ఉంది. దుకాణదారు రెండు నిమిషాలలో ఇచ్చిన మరణధ్రువపత్రం అక్కడే చిరిగిపోయింది.

తరువాత చేసినవి చిన్న పనులే. వెనుక అట్ట ఉబ్బిందా, తెర లేచిందా, ముట్టుకొంటే వేడిగా ఉందా అని ముందుగా చూశాము. లేదు. ఆటో ఆర్‌సీఎం తీసేశాము. ఆపినప్పుడల్లా పవర్ మీట పన్నెండు, పదిహేను సెకన్లు నొక్కిపట్టి, ఆగిందనే నమ్మకం కుదిరాకనే పక్కన పెట్టాము. తయారీదారు ఛార్జరుతో నిండా నింపి, నిండిందని చూపిన తరువాత మరొక గంట ఉంచాము. దానంతట అది ఆగేదాకా వాడి, కొంత విరామమిచ్చి మళ్లీ నింపాము. రెండు ఆవృత్తులకు అంకె కొంత దారికి వచ్చింది గాని పూర్తిగా రాలేదు. హెకాటే పాత రూపాలలో ఈ డీసింకును సరిచేసే పనిముట్టు ఉండేది. మేము దాని జోలికి పోలేదు. మూడు మూలల మర సరిపోయే స్క్రూడ్రైవరు తెప్పించి మా అబ్బాయే వెనుక అట్ట విప్పాడు. బ్యాటరీని ఊడబీకలేదు, అది జిగురుతో అంటి ఉంటుంది. దాని కనెక్టరును మాత్రం ప్లాస్టిక్ పనిముట్టుతో లేపి, కొన్ని నిమిషాలు ఉంచి మళ్లీ తగిలించాడు. గుమాస్తా పాత చిట్టా మొత్తం మరచి, కర్రతో కొలిచి కొత్త చిట్టా మొదలుపెట్టింది. యంత్రానికి తేదీ, సమయం కూడా మళ్లీ చెప్పవలసి వచ్చింది. మరొకసారి నింపి వాడేసరికి అంకె 100 నుంచి మెట్టుమెట్టుగా దిగింది. బ్యాటరీకి వార్ధక్యం వచ్చిన మాట నిజం. చావు మాత్రం రాలేదు.

ఇప్పుడు నా తగవులోకి వస్తాను. ఇంగ్లీషువారి కాలిబ్రేషన్‌ను మన శాస్త్రగ్రంథాలలో క్రమాంకనం అన్నారు. క్రమ, అంకనం, సవర్ణదీర్ఘసంధి. చక్కని మాట. అంకనమంటే గుర్తు వేయడం. గుర్తులు వేసేది కొలబద్ద మీద, కొలిచే వస్తువు మీద కాదు. బట్టల దుకాణంలో గజంబద్ద తప్పయితే బద్దను సరిచేస్తారు గాని చీర చింపరు. కాబట్టి 'బ్యాటరీ క్రమాంకనం' అనే వాడుకలోనే మోసముంది. క్రమాంకనం కావలసింది గుమాస్తాకు. బ్యాటరీకి కాదు. మాట తప్పుగా పుట్టింది గనుకనే దాని చుట్టూ తప్పుడు వైద్యాలూ పుట్టాయి.

ఒకటి, దుకాణపు వైద్యం. అంకె బాగాలేదా, బ్యాటరీ మార్చు. మార్చినప్పుడు కనెక్టరు ఊడదీయక తప్పదు. ఊడదీస్తే చిప్పు లెక్క మళ్లీ మొదలుపెడుతుంది, అంకె బాగుపడుతుంది. కొత్త బ్యాటరీ వలన బాగయిందని కొన్నవాడు సంతోషిస్తాడు, అమ్మినవాడు నమ్ముతాడు. కనెక్టరు తీసి పెట్టినందుకు తొంభై డాలర్లు! ఇది దొంగతనమని నేననను. తెలియనితనం, అందులో లాభం కూడా ఉంది కాబట్టి తెలుసుకోవలసిన అవసరం కలగని తెలియనితనం.

రెండు, నోముల వైద్యం. మూడుసార్లు పూర్తిగా ఖాళీ చేసి మూడుసార్లు పూర్తిగా నింపితే బ్యాటరీ బాగుపడుతుందట. పూర్వం నికెల్ కాడ్మియం బ్యాటరీలకు జ్ఞాపకదోషం అనేది ఉండేది, వాటికి ఈ తంతు పనికివచ్చేది. లిథియానికి ఆ దోషం చెప్పుకోదగినంత లేదు. పూర్తిగా ఖాళీ చేయడం దానికి చెరుపు కూడాను. మరి మేమెందుకు చేశామంటారా? బ్యాటరీ కోసం కాదు, గుమాస్తా కోసం. నిండు ఎక్కడో, అడుగు ఎక్కడో రెండు గట్లూ దానికి చూపించాము. ఒకటి రెండుసార్లు చేస్తే అది వైద్యం. వారంవారం చేస్తే బ్యాటరీ ఆయుష్షును మన చేతులతో తగ్గించుకోవడం.

మూడు, శాపం. "మార్చుకొన్నావు, అనుభవించు." మా అబ్బాయి మొదట అన్నది ఇదే. మార్పు వలననే ఈ చిక్కు వచ్చిందని నేను ఒప్పుకొంటాను. తప్పు తయారీదారు మీద వేయను. కాని ఒక్క సంగతి గమనించండి. జబ్బు తెచ్చినది ఆ మార్పే, జబ్బేమిటో చూపించినదీ ఆ మార్పే. మార్చని యంత్రంలో యజమానికి శాతం అనే ఒక్క అంకె తప్ప వేరేమీ కనిపించదు. వోల్టేజి చిప్పుకు తెలుసు, వ్యవస్థకు తెలుసు, డబ్బు పెట్టి కొన్నవాడికి మాత్రం తెలియదు. మార్చని యంత్రాలలోనూ ఈ అంకె తప్పుతుంది. నింపి, వాడి, మళ్లీ నింపి చూడమని తయారీదారులే సలహాలిస్తుంటారు. అప్పుడు ఆ యజమాని దేనిని చూసి తేల్చుకోవాలి? దుకాణదారు ముఖాన్నా?

చూపిస్తే జనం పాడుచేసుకొంటారని కొందరు అనవచ్చు. చూపించడం వేరు, ముట్టుకోనివ్వడం వేరు. రోగికి జ్వరమెంతో చెప్పినంత మాత్రాన కత్తి అతడి చేతికిచ్చినట్లు కాదు.

చట్టాల సంగతి చూస్తే నవ్వు వస్తుంది. కాలిఫోర్నియాలో 2023 అక్టోబరులో సంతకమై, 2024 జూలై 1 నుంచి అమలైన మరమ్మతు హక్కు చట్టం ఉంది. ఎలక్ట్రానిక్ వస్తువులకు విడిభాగాలు, పనిముట్లు, సూచనలు తయారీదారులు అందుబాటులో ఉంచాలని దాని సారాంశం. మంచిదే. కాని వీడియో ఆటల యంత్రాలను అందులోంచి మినహాయించారు. 2021లో అమెరికా కాపీరైటు నియమాలలో ఆటయంత్రాల మరమ్మతుకు ఒక సడలింపు ఇచ్చారు. అదీ డిస్కులు చదివే భాగానికి మాత్రమే. స్విచ్‌లో డిస్కే లేదు, దానికి వాడేది చిన్న కార్డు. ఆకలిగొన్నవాడికి పండ్లపొడి దానం చేసినట్లున్నది. ఐరోపావారు కొంత నయం. చిన్న యంత్రాల బ్యాటరీని యజమానే తీసి మార్చుకొనేటట్లు ఉండాలన్న వారి 2023 నాటి నిబంధనకు 2027 ఫిబ్రవరి 18 గడువు. మన దేశంలో 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించారు. వీటన్నిటిలోనూ విడిభాగాల మాట, పనిముట్ల మాట ఉంది. అసలు రోగమేమిటో యజమానికి కనబడాలనే మాట మీద ఇంత పట్టుదల ఎక్కడా నాకు కనిపించలేదు. రోగం తెలియనివాడికి మందుల అంగడి తెరిచి ప్రయోజనమేమి?

నాకెందుకింత కోపమో చెప్పుకోవాలి. ముప్పై ఏళ్లు అంకెలు వేసినవాడిని నేను. ఒక ఏడాది అర్ధసంవత్సర పరీక్షల్లో, తెలుగులో 64 వచ్చిన పిల్లవాడికి రిజిస్టరులో 46 అని ఎక్కించాను. పొరపాటే. ఆ అంకె ఇంటికి పోయింది. తండ్రి బెత్తం విరిగేదాకా కొట్టాడు. జవాబుపత్రం నా బీరువాలోనే ఉంది. తండ్రి అడగలేదు, ప్రధానోపాధ్యాయులు అడగలేదు, పిల్లవాడికి అడగవచ్చునని తెలియదు. నెల తరువాత కట్టలు సర్దుతుంటే నాకే కనిపించింది. రిజిస్టరు దిద్దాను, ఆ పిల్లవాడికి క్షమాపణ చెప్పాను. వీపు మీది చారలు దిద్దలేకపోయాను. కారులో మా మనవడు తల వంచుకొని కూర్చున్నప్పుడు నాకు ఆ పిల్లవాడే గుర్తుకొచ్చాడు. జవాబుపత్రం చూపించరా అని అడిగేవారు వాడికి ఒక్కరైనా ఉండాలనుకొన్నాను.

ఎదుటివారి వైపు న్యాయం కూడా చెప్పి ముగిస్తాను. అంకె నిజం చెప్పే సందర్భాలూ ఉంటాయి. విశ్రాంతిలో బాగున్న వోల్టేజి ఆట మొదలవగానే కూలిపోతుంటే, నింపిన బ్యాటరీ వాడకపోయినా దిగిపోతుంటే, ఆ బ్యాటరీ పని అయిపోయినట్లే. ఉబ్బితే ఇక వాదన లేదు. ఛార్జరు పెట్టవద్దు, నొక్కవద్దు, గుచ్చవద్దు. తెలిసినవారికి అప్పగించండి, చెత్తబుట్టలో వేయకండి. ఆడే కాలం తక్కువైందని మాత్రం తొందరపడి తీర్పు చెప్పకండి. మొదటి స్విచ్ రెండున్నర నుంచి ఆరున్నర గంటలు నడుస్తుందని తయారీదారు చెప్పిన లెక్క. 2019 ఆగస్టులో వచ్చిన రకానికి నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు. రెండింటిలోనూ బ్యాటరీ ఒకటే, 4310 మిల్లీ ఆంపియర్ అవర్లు. గాదె మారలేదు, తినేవాడి ఆకలి తగ్గింది. హెకాటే పుటలో కనిపించే పూర్తి సామర్థ్యం కూడా ఆ గుమాస్తా చెప్పిన మాటేనని మరువకండి. ఒక సాక్షి మాట మీద ఉరి వేయకూడదు. అంకెను చూడండి, వోల్టేజిని చూడండి, గడియారం పెట్టుకొని వాడి చూడండి. మూడూ ఒకే మాట చెబితే అప్పుడు తీర్పు చెప్పండి.

తయారీదారులను నేను కోరేది ఒక్కటే. శాతం పక్కన వోల్టేజి కూడా చూపండి. మీ రహస్యాలు మాకు వద్దు, మా బ్యాటరీ సంగతి మాకు చెప్పండి చాలు. మిత్రులను కోరేది కూడా ఒక్కటే. మీ ఇంట్లో పిల్లవాడు చెడిపోయిన వస్తువు పట్టుకొని తల వంచుకొని నిలబడితే, పారెయ్ అనే ముందు ఒక్క సాయంత్రం వాడి పక్కన కూర్చోండి.

మా అబ్బాయి ఆ సాయంత్రం స్క్రూలు బిగిస్తూ కొడుకుతో ఏమీ అనలేదు. "ఆ ఆట ఏదీ, చూపించు" అన్నాడు, అంతే. ఆటలో ఇప్పుడు బండి ఱ కూడా చేరింది. చెల్లెలు దానిని ఇంకా తిరగేసే దిద్దుతున్నదట.

మీ అభిప్రాయాలు తెలుపగలరు. తగవు పెట్టుకొన్నా సంతోషమే.

స్వస్తి.